ఇంట్లో తయారుచేసుకున్న కవచంలో ప్లాస్టిక్ భాగం విరిగితే: తరచుగా అడిగే ప్రశ్నలు

ప్లాస్టిక్ షీటును వేడిచేసి వంచో, త్రీడీ ప్రింటర్‌లో ముద్రించో కవచం తయారుచేసుకుని వేషం కట్టేవారికి ఏదో ఒక రోజున ఏదో ఒక పలక పగలడం మామూలే. భుజకవచం అంచులు, ఛాతీ పలక పక్కభాగాలు, మోకాలి చిప్పలు, పట్టీలు బిగించిన చోట్లు తరచుగా దెబ్బతింటాయి. విరిగిన గీత వెంట రాసే జిగురు ముక్కలను వాటి స్థానంలో నిలబెడుతుందే తప్ప ఒత్తిడిని ఎక్కువకాలం తట్టుకోలేదు. ఆ ఒత్తిడిని మోయాల్సింది లోపలి వైపు నుంచి వేసే మాసిక. కింది సమాధానాలన్నీ ఈ సూత్రం మీదే ఆధారపడి ఉంటాయి. ఇవి వేషధారణకు వాడే కవచాలకే వర్తిస్తాయి; నిజంగా దెబ్బల నుంచి శరీరాన్ని కాపాడవలసిన హెల్మెట్లను, రక్షణ సామగ్రిని ఇలా అతికించి మళ్లీ వాడకూడదు.

పలక విరిగిన వెంటనే ఏం చేయాలి?

జిగురు సీసా తీయకముందే ముక్కలన్నీ ఏరి ఒక సంచిలో వేసుకోవాలి. గోరంత పెచ్చు కూడా పనికొస్తుంది, ఎందుకంటే విరిగిన అంచులు ఒకదానిలో ఒకటి సరిగ్గా ఇమిడితేనే పాత ఆకారం తిరిగి వస్తుంది. ఆ అంచులను గరుకు కాగితంతో రుద్దకూడదు, వేళ్లతో పదేపదే కలిపి చూడకూడదు. అలా చేసిన ప్రతిసారీ కొంత పొడి రాలిపోయి ఇముడు వదులవుతుంది.

తరువాత పగులు ఎక్కడ మొదలైందో వెతకాలి. ఒక చివర అంచు దగ్గరో, రంధ్రం దగ్గరో, పదునైన మూల దగ్గరో ఉంటుంది. రెండో చివర పలక మధ్యలో సన్నగా ఆగిపోయి ఉంటుంది. మొదటి చివర కారణాన్ని చెబుతుంది, రెండో చివర పగులు రేపు ఎటు సాగుతుందో చెబుతుంది. ఈ రెండూ తెలియకుండా చేసిన మరమ్మతు చూపుకు బాగానే ఉన్నా, అదే పలక మరో వేలెడు దూరంలో మళ్లీ పగులుతుంది.

నా కవచం ఏ ప్లాస్టిక్‌తో చేసినదో తెలియదు. ఎలా గుర్తుపట్టాలి?

షీటు కొన్నప్పటి చీటీ ఉంటే సమస్యే లేదు. పాత డబ్బాలు, బుట్టలు కోసి చేసిన భాగమైతే అడుగున త్రికోణంలో ఉండే అంకెను చూడాలి: 2 అంటే గట్టి పాలిథిలిన్, 3 అంటే పీవీసీ, 5 అంటే పాలీప్రొపిలిన్, 6 అంటే పాలీస్టైరిన్. 7 అంటే ఇతర రకాలు కాబట్టి దానివల్ల పెద్దగా తెలిసేదేమీ ఉండదు.

అంకె లేకపోతే రెండు చిన్న పరీక్షలు చేయవచ్చు. మొదటిది నీటి పరీక్ష. రంగు గీకేసిన చిన్న ముక్కను నీటిలో వేసి, బుడగలు అంటుకోకుండా ఒకసారి ముంచి వదలాలి. పాలిథిలిన్, పాలీప్రొపిలిన్ నీటికంటే తేలిక కనుక తేలతాయి. ఏబీఎస్ (కవచాల షీట్లకు వాడే గట్టి ప్లాస్టిక్), పాలీస్టైరిన్, పీఎల్ఏ (త్రీడీ ముద్రణకు వాడే ప్లాస్టిక్), మామూలు పీవీసీ మునుగుతాయి. నురుగు పీవీసీ షీటు మాత్రం తేలుతుంది, కానీ విరిగిన అంచులో సన్నని గుల్లలు కంటికి కనిపిస్తాయి కనుక పొరబడే అవకాశం తక్కువ. త్రీడీ ముద్రణ ముక్కల లోపల ఖాళీలు ఉంటాయి కాబట్టి వాటికి ఈ పరీక్ష నమ్మదగినది కాదు.

రెండోది అసిటోన్ (కొన్ని ప్లాస్టిక్‌లను కరిగించే ద్రవం) పరీక్ష. కవచం లోపలి వైపు ఎవరికీ కనిపించని చోట ఇయర్‌బడ్‌తో ఒక చుక్క అద్ది, కొన్ని క్షణాలాగి వేలితో కాకుండా పుల్లతో తాకి చూడాలి. జిగటగా సాగితే అది ఏబీఎస్ గానీ, పాలీస్టైరిన్ జాతిది గానీ అయి ఉంటుంది. ఏ మార్పూ లేకుండా ఆరిపోయి, నీటిలో కూడా తేలితే పాలిథిలిన్ లేదా పాలీప్రొపిలిన్ అనుకోవచ్చు. కాల్చి వాసన చూసే పద్ధతి ఒకటి వాడుకలో ఉంది కానీ, ముక్క పీవీసీ అయితే వచ్చే పొగ ఊపిరితిత్తులకు హాని చేస్తుంది కనుక ఆ దారి మానుకోవడమే మేలు.

సూపర్ గ్లూతో అతికిస్తే సరిపోదా?

నిలబెట్టడానికి సరిపోతుంది, వేసుకుని తిరగడానికి సరిపోదు. సూపర్ గ్లూ అతుకు నేరుగా లాగితే గట్టిగానే ఉంటుంది, కానీ వంచినా, తటాలున దెబ్బ తగిలినా, అంచు నుంచి ఒలిచినట్టు లాగినా పెళుసుగా విడిపోతుంది. కవచం పలక శరీరంతో పాటు రోజంతా వంగుతూనే ఉంటుంది కాబట్టి దాని బలహీనతలన్నీ అక్కడే బయటపడతాయి. పైగా 2 మిల్లీమీటర్ల మందం ఉన్న షీటులో, అంచుకు అంచు ఆనించిన చోట జిగురు పట్టే వెడల్పు కూడా అంతే.

దాని అసలు ఉపయోగం వేరు. ముక్కలను సరిగ్గా అమర్చి, బయటి వైపు మాస్కింగ్ టేపు అంటించి, లోపలి వైపు నుంచి పగులు వెంట అక్కడక్కడ చుక్కలు వేస్తే, తరువాతి పని చేసేలోగా ఆకారం కదలకుండా ఉంటుంది. ఒలికిన జిగురును దూదితోనో, నూలు గుడ్డతోనో తుడవకూడదు. నూలుతో కలిసినప్పుడు అది చర్మం కాలేంత వేడి పుట్టించగలదు.

ఇక వేడి జిగురు గన్ గురించి కూడా చాలామంది అడుగుతారు. నున్నటి ప్లాస్టిక్ మీద అది సరిగా పట్టదు, ఎండలో మెత్తబడుతుంది, ఆపైన ఆ స్థలాన్ని శుభ్రం చేసి మంచి జిగురు వేయడం రెట్టింపు పని అవుతుంది. దాన్ని నురుగు షీట్ల పనికి వదిలేయడం మంచిది.

మరి ఏబీఎస్ పలకకు గట్టి మరమ్మతు ఎలా చేయాలి?

మొదట పగులును ఆపాలి. పలకను కొద్దిగా వంచి చూస్తే పగులు చివర ఎక్కడుందో తెలుస్తుంది. కంటికి కనిపించే దానికంటే అది కాస్త ముందుకే సాగి ఉంటుంది. ఆ కొసన, ఒకింత ముందుకు జరిపి, 3 మిల్లీమీటర్ల డ్రిల్ బిట్‌తో నెమ్మదిగా రంధ్రం చేయాలి. పదునైన కొస దగ్గర ఒక్క బిందువు మీద పడే ఒత్తిడి గుండ్రటి రంధ్రం చుట్టూ పరుచుకుంటుంది కాబట్టి చీలిక అక్కడితో ఆగుతుంది. బాగున్న పలకకు రంధ్రం చేయడానికి మనసొప్పక ఈ పనిని దాటవేసేవారు చాలామంది ఉంటారు. ఆ రంధ్రం పుట్టీతో పూర్తిగా కనుమరుగవుతుంది; సాగిన పగులు అలా కాదు.

తరువాత పైన చెప్పినట్టు ముక్కలను టేపుతోనూ, జిగురు చుక్కలతోనూ నిలబెట్టి, లోపలి వైపు మాసికకు చోటు సిద్ధం చేయాలి. పగులుకు అటూ ఇటూ కనీసం 25 మిల్లీమీటర్ల చొప్పున, రంధ్రాన్ని దాటి మరో 25 మిల్లీమీటర్ల వరకు, 80 లేదా 120 నంబరు గరుకు కాగితంతో మెరుపు పూర్తిగా పోయేలా రుద్ది, ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడవాలి. లోపల రంగు వేసి ఉంటే అదంతా తీసేయాలి, లేకపోతే మాసిక అంటుకునేది రంగుకే గానీ పలకకు కాదు.

మాసికకు అదే రకం షీటు, వీలైతే అదే మందం ఉన్నది వాడాలి. మూలలను గుండ్రంగా కోయాలి, ఎందుకంటే పదును మూల ఉన్న మాసిక కింద పలక మళ్లీ అదే మూల దగ్గర చిట్లుతుంది. వంపు ఉన్న చోటైతే మాసికను హీట్ గన్‌తో మెత్తబరిచి, పలక మీద మందపాటి గుడ్డ పరిచి, దాని మీద చేతి తొడుగులతో అదిమి ఆకారం తెప్పించాలి. ఏబీఎస్ సుమారు 105 డిగ్రీల సెల్సియస్ దగ్గర మెత్తబడటం మొదలవుతుంది కనుక తల ఆరబెట్టుకునే డ్రయ్యర్ ఈ పనికి సాధారణంగా చాలదు. వేడి మాసికకే తగలాలి. హీట్ గన్ ముఖం కవచం వైపు తిరిగితే పలకే వంకరపోతుంది.

అంటించడానికి నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ, అంటే రెండు భాగాలను కలిపి వాడే జిగురు, నాకు నచ్చిన ఎంపిక. 5 నిమిషాల రకం అందుబాటులో ఉన్నా, మాసికను సర్ది క్లిప్పులు పెట్టేలోపే అది బిగుసుకోవడం మొదలవుతుంది, పైగా ఆరాక కాస్త పెళుసుగా ఉంటుంది. పలుచగా, ఖాళీలు లేకుండా పరిచి, క్లిప్పులు పెట్టి ఒక రోజు కదపకుండా ఉంచాలి. మరీ గట్టిగా బిగిస్తే జిగురంతా పక్కలకు వచ్చేసి అతుకు ఎండిపోతుంది.

భుజకవచం గుండ్రటి ముందుభాగంలా రెండు దిక్కులా వంగిన చోట షీటు ముక్క సరిగా ఆనదు. అక్కడ పలుచని ఫైబర్‌గ్లాస్ బట్టను ఎపాక్సీ రెజిన్‌తో తడిపి రెండు పొరలు వేయడం మేలు. పాలియెస్టర్ రెజిన్ చౌకగా దొరుకుతుంది కానీ, అందులోని స్టైరిన్ ఏబీఎస్‌నూ, ముఖ్యంగా పాలీస్టైరిన్‌నూ మెత్తబరుస్తుంది. బట్ట దారాలు చర్మానికి గుచ్చుకుని దురద పెడతాయి కనుక ఆరాక అంచులు రుద్ది, ఆ భాగం మీద మెత్తటి గుడ్డ అంటించాలి.

ఏబీఎస్ ముద్ద అంటే ఏమిటి? దాన్ని ఎప్పుడు వాడాలి?

అదే షీటు తునకలను అసిటోన్‌లో కరిగించి చేసే పూరకం అది. మూత గట్టిగా ఉన్న గాజు సీసాలో చిన్న చిన్న ముక్కలు వేసి, మునిగేంత అసిటోన్ పోసి రాత్రంతా ఉంచితే ఉదయానికి తేనెలా చిక్కగా తయారవుతుంది. నురుగు కప్పులో కలపాలని చూస్తే కప్పు కూడా కరిగిపోతుంది.

పగులు గాడిని నింపడానికీ, రాలిపోయిన పెచ్చుల చోటు పూడ్చడానికీ ఇది చాలా మంచిది. పలకలో కలిసిపోయి ఒకటే ప్లాస్టిక్ అవుతుంది. అయితే అసిటోన్ ఆవిరయ్యాక ముద్ద కుంగుతుంది కాబట్టి పలుచని పొరలుగా, ఒకటి ఆరాక మరొకటి వేయాలి. ఒకేసారి దట్టంగా పూస్తే లోపల బుడగలు మిగులుతాయి, పలుచని పలకైతే తడికి మెత్తబడి మెలితిరుగుతుంది. పూసిన మరునాడు పైన గట్టిగా కనిపించినా లోపల ఇంకా మెత్తగానే ఉండవచ్చు కనుక గరుకు కాగితం పట్టేముందు గోటితో నొక్కి చూడాలి.

త్రీడీ ప్రింటర్‌లో పీఎల్ఏతో ముద్రించిన భాగానికీ ఇదే పద్ధతా?

కాదు. అసిటోన్ ఇక్కడ నమ్మదగిన జిగురుగా పనిచేయదు. పైగా ముద్రించిన భాగాలు చాలావరకు పొరల మధ్య విడిపోతాయి, లోపల జాలీలా ఖాళీ ఉంటుంది. అందువల్ల మందం ఉన్న చోట రెండు ముఖాల్లోనూ ఎదురెదురుగా 2 మిల్లీమీటర్ల రంధ్రాలు చేసి, అందులో ఇనుప తీగ ముక్కలను కీలల్లా దూర్చి, ఎపాక్సీ నింపి కలపాలి. ఖాళీ జాలీలోకి కొంత ఎపాక్సీ దిగి గట్టిపడటం కూడా మంచిదే. పలుచని గోడలకు లోపలి నుంచి ఫైబర్‌గ్లాస్ బట్ట సరిపోతుంది.

ఒకే చోట పదేపదే విరుగుతుంటే ముద్రించిన దిక్కు సరైనది కాదని అర్థం. కొత్తగా ముద్రించేటప్పుడు ఒత్తిడి పొరలను విడదీసేలా కాక, పొరల వెంబడి పడేలా భాగాన్ని పడుకోబెట్టి ముద్రించాలి.

ఏ జిగురు వేసినా పెచ్చులా ఊడి వస్తోంది. ఎందుకు?

ఆ ముక్క పాలీప్రొపిలిన్ గానీ పాలిథిలిన్ గానీ అయి ఉంటుంది. వీటి ఉపరితలం మీద జిగురు పరుచుకోకుండా చుక్కలుగా ముడుచుకుంటుంది. ఎంత రుద్దినా మామూలు ఎపాక్సీ, సూపర్ గ్లూ నిలవవు. వీటికోసమే ప్రైమర్‌తో కలిపి అమ్మే ప్రత్యేక జిగుళ్లు ఉన్నాయి, చిన్న ముక్కలకు అవి పనిచేస్తాయి. పెద్ద పలకకైతే జిగురును నమ్ముకోవడం కంటే కుట్టడం మంచిది: పగులుకు రెండు వైపులా జంట రంధ్రాలు చేసి, సన్నని జిప్ టైలతో బిగించి, లోపల పట్టీ ముక్క వేసి వెడల్పు వాషర్లతో రివెట్లు కొట్టాలి. పాత యుద్ధవేషాలకు ఆ కుట్లు అందాన్నే ఇస్తాయి. మెరిసే లోహంలా కనిపించాల్సిన కవచానికి నప్పవు.

సోల్డరింగ్ ఐరన్‌తో కరిగించి అతకవచ్చా?

ఏబీఎస్‌కూ, పాలీప్రొపిలిన్‌కూ చేయవచ్చు. లోపలి వైపు పగులు వెంట గాడి తీసి, అదే ప్లాస్టిక్ సన్నని పుల్లను కరిగిస్తూ నింపాలి. పైన సన్నని స్టీలు జాలీని వేడితో పొదిగితే ఇంకా బలం వస్తుంది. పొగ పీల్చకూడదు కాబట్టి గాలి ఆడే చోట చేయాలి. పీవీసీ మీద మాత్రం ఈ పని అసలు చేయకూడదు, అది మాడితే హైడ్రోజన్ క్లోరైడ్ వాయువు వస్తుంది. పీవీసీకి పైపులు అతికే సాల్వెంట్ సిమెంటే సరైనది.

పట్టీ బిగించిన చోటే ప్రతిసారీ చిరుగుతోంది. ఏం చేయాలి?

ఇక్కడ తప్పు ప్లాస్టిక్‌ది కాదు, బిగించిన తీరుది. పలక అంచుకు దగ్గరగా చిన్న రంధ్రం చేసి రివెట్ కొడితే, చేయి ఎత్తిన ప్రతిసారీ భుజకవచం బరువూ, పట్టీ లాగుడూ కలిసి ఆ రంధ్రం ఒక్క అంచు మీదే పడతాయి. పైగా పాప్ రివెట్ బిగుసుకునేటప్పుడు ఉబ్బి రంధ్రాన్ని లోపలి నుంచి తోస్తుంది. కంటికి కనిపించని వెంట్రుకవాసి పగుళ్లు ఆ రోజే మొదలవుతాయి.

చిరిగిన రంధ్రాన్ని పూడ్చి, మాసిక వేసి, మళ్లీ అదే చోట బిగించడం దండగ. అందుకు బదులు, అంగుళంన్నర వెడల్పున్న నైలాన్ పట్టీ ముక్కకు ముందుగానే ప్రెస్ బటన్ బిగించి, ఆ ముక్కను పలక లోపలి వైపు, ఆరాక కూడా సాగే గుణమున్న జిగురుతో అరచేతి వెడల్పు మేర అంటించాలి. అప్పుడు పలకలో రంధ్రమే ఉండదు, లాగుడు జిగురు పరచిన మేరంతా పంచుకుంటుంది. సాగే జిగుళ్లు పూర్తి బలం పుంజుకోవడానికి రకాన్ని బట్టి ఒకటి నుంచి మూడు రోజులు తీసుకుంటాయి. ఆ గడువు డబ్బా మీద రాసి ఉంటుంది. రివెట్టే కావాలనుకుంటే రెండు వైపులా వెడల్పు వాషర్లు వేసి, రంధ్రాన్ని అంచు నుంచి కనీసం 12 మిల్లీమీటర్ల లోపలికి జరపాలి.

బిగుతు పట్టీలో ఒక చిన్న ఎలాస్టిక్ ముక్క కలిపి కుడితే కుదుపులన్నీ అదే మింగుతుంది. ఆ తరువాత కవచమంతా వేసుకుని చేతులు పూర్తిగా ఎత్తి, కుర్చీలో కూర్చుని, వంగి చూడాలి. ఒక పలక అంచు మరో పలకను పొడుస్తున్నట్టు తెలిస్తే, అక్కడ మాసిక వేయడం కంటే అంచును కొంత కోసి గుండ్రంగా చేయడమే అసలైన మరమ్మతు.

పగలలేదు కానీ వంగిన చోట తెల్లటి మచ్చ వచ్చింది. ప్రమాదమా?

ఆ చోట ప్లాస్టిక్ లోపల అలసిపోయిందని అర్థం. హీట్ గన్‌తో దూరం నుంచి మెల్లగా వేడిచేస్తే మచ్చ చాలావరకు తగ్గవచ్చు, పోయిన బలం మాత్రం పూర్తిగా తిరిగి రాదు. లోపల ఇప్పుడే మాసిక వేసుకుంటే పగులు దాకా రాదు.

అతుకు కనిపించకుండా రంగు ఎలా వేయాలి?

పగులు గాడిని పుట్టీతో నింపి 120, 220, 400 నంబర్ల గరుకు కాగితాలతో వరుసగా రుద్దాలి. చుట్టూ ఉన్న పాత రంగు అంచును కూడా మెట్టు తగలనంత నునుపుగా దించాలి. చాలా మరమ్మతులు పట్టుబడేది ఈ మెట్టు దగ్గరే. కళ్లు మూసుకుని వేలికొనతో తడిమితే కంటికి అందని గతుకు కూడా తెలుస్తుంది. ప్రైమర్ పలుచగా రెండు పొరలు వేసి, పక్కవాటుగా వెలుతురు పడేలా పట్టుకుని చూసి, గతుకు కనిపిస్తే మళ్లీ పుట్టీకి వెళ్లాలి. పాలీస్టైరిన్ మీద కొన్ని స్ప్రే రంగులు ఉపరితలాన్ని చిట్లగొడతాయి కనుక ముందుగా లోపలి వైపు పరీక్షించాలి.

వెండి, క్రోమ్ రంగులు ప్రతి గతుకునూ చాటి చెబుతాయి. మెరుపు లేని రంగులు చాలా దాచేస్తాయి. ఎంత చేసినా గీత కనిపిస్తుంటే దాన్ని కత్తిగాటులా మలిచి, చుట్టూ మరో రెండు మూడు గాట్లు, కొంత మసి రంగు చేర్చడం సరైన పనే. ఒంటరి గాటు అనుమానం రేపుతుంది.

వేడుక మధ్యలో విరిగితే అప్పటికప్పుడు ఏం చేయగలం?

గుడ్డ టేపును లోపలి వైపు నుంచి, చెమట తుడిచాక, పగులుకు అడ్డంగా కట్లు కట్టినట్టు వేయాలి. అంచు చీలితే రెండు రంధ్రాలు పొడిచి జిప్ టై బిగిస్తే సాయంత్రం దాకా నిలుస్తుంది. చేసంచిలో గుడ్డ టేపు, జిప్ టైలు, చిన్న కత్తెర, సూపర్ గ్లూ ఉంటే చాలు. వేసుకుని ఉండగా మాత్రం సూపర్ గ్లూ వాడకూడదు. కింద ఉన్న నూలు దుస్తుల మీద పడితే కాలుతుంది, చర్మానికీ కవచాన్ని అంటిస్తుంది. ఇంటికి వచ్చాక టేపు జిగురు పూర్తిగా తుడిచిన తరువాతే అసలు మరమ్మతు మొదలుపెట్టాలి.

ఈ పనుల్లో ఏ జాగ్రత్తలు తప్పనిసరి?

అసిటోన్ ఆవిరి మామూలు గది ఉష్ణోగ్రతలోనే నిప్పు తగిలితే అంటుకోగలదు కనుక దగ్గరలో పొయ్యి, హీట్ గన్, సిగరెట్ ఏవీ ఉండకూడదు. గరుకు కాగితం పనికి దుమ్ము మాస్కు చాలు. స్ప్రే రంగుకూ, రసాయన ఆవిరికీ అది చాలదు, కార్బన్ వడపోత ఉన్న మాస్కు కావాలి. ఎపాక్సీ కొందరికి చర్మం మీద ఎలర్జీ తెప్పిస్తుంది కాబట్టి నైట్రైల్ తొడుగులు వేసుకోవాలి.

మరమ్మతు మానేసి కొత్త పలక ఎప్పుడు చేసుకోవాలి?

పగులు ఒకటే ఉండి, పలక మిగతా భాగం గట్టిగా ఉంటే మరమ్మతు చేయాలి. గోటితో నొక్కితేనే పెచ్చులూడుతుంటే, ఎండకు రంగు పచ్చబారి పెళుసెక్కి ఉంటే, లేదా మాసికల మీద మాసికలు పడి పలక బరువెక్కి ఉంటే కొత్తది చేసుకోవడమే నయం. అచ్చులో గుంజి చేసిన పలకల మూలలు ఎప్పుడూ పలుచబడి ఉంటాయి. పాతదాన్ని వెలుతురుకు ఎదురుగా పట్టుకుంటే ఎక్కడ పలుచగా ఉందో కనిపిస్తుంది, కొత్త పలకకు ఆ చోట్లలో ముందే లోపలి పొర వేసుకోవచ్చు. పాత పలకను పారేయకూడదు, కొలతలకూ, ఏబీఎస్ ముద్దకూ అది పనికొస్తుంది.

మరమ్మతు చేసిన కవచాన్ని ఎలా భద్రపరచాలి?

పలకలను ఒకదాని మీద ఒకటి పేర్చకుండా, వాటి వంపు నిలిచేలా లోపల గుడ్డలు కూరి పెట్టాలి. పట్టీలను బిగించి ఉంచితే అతుకు రోజుల తరబడి లాగుడులోనే ఉంటుంది కనుక వదులు చేయాలి. ఎండలో నిలిపిన కారులో అసలు వదలకూడదు. పీఎల్ఏ సుమారు 60 డిగ్రీల దగ్గరే మెత్తబడుతుంది. అద్దాలు మూసిన కారులో ఎండ నేరుగా పడే చోట వేడి ఆ దాకా చేరగలదు. ప్రయాణం తప్పనిసరైతే పీఎల్ఏ భాగాలను వెనుక అద్దం కింద కాకుండా, సీటు కింద నీడలో, మెత్తటి గుడ్డ చుట్టి పెట్టాలి.